బాల్యసంస్కారములును స్వయంనిర్ణయమును

మనుష్యుడు తాను నడచుచున్న త్రోవను తానే యెన్నుకొనెనా, లేక యితరులు చూపిన త్రోవను నడచుచు దానినే తన యిచ్ఛ యని తలంచుచున్నాడా? ఈ ప్రశ్న పసితనమున పుట్టదు. వార్ధకమున పుట్టినచో దానివలన కలుగు ప్రయోజనము స్వల్పము. విద్య ముగిసి, వృత్తి ప్రారంభమై, వివాహప్రస్తావన యింట వినబడుచుండెడి యిరువదియైదేండ్ల ప్రాయమున నిది పుట్టవలయును. అప్పటికి గడచినదానిని తిరిగి చూచుటకు తగినంత దూరము వచ్చియుందుము; రాబోవుదానిని దిద్దుకొనుటకు తగినంత కాలమును మిగిలియుండును. మేము మెదకు సీమలో మనోహరాబాదు పరిసరగ్రామములందు పుట్టి పెరిగి యిప్పుడాప్రాయమున నున్నవారము. మాకు మాత్రమే గాక మావంటి వారందఱకును సంబంధించిన యీ విషయమును విద్యావంతులగు పెద్దల యెదుట నుంచి విచారింప దలచితిమి.

ఈ విషయమున లోకమునందు రెండభిప్రాయములు కలవు. మొక్కయై వంగనిది మ్రానై వంగునా యని యొకరు, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని వేఱొకరు చెప్పుచుందురు. వీరి మతమున మనుష్యుడు పదేండ్లకే పూర్తియైన కుండ; తరువాతి యేండ్లన్నియు ఆ కుండలో నీరు నింపుటకే గాని దాని యాకారమును మార్చుటకు గావు. రెండవ పక్షమువారు దీనికి నేరుగా విరుద్ధముగా పలుకుదురు. నా చదువు నేను చదివితిని, నా యుద్యోగము నేను సంపాదించితిని, నాకెవ్వరును చేసినదేమియు లేదని వీరు నిస్సంకోచముగా చెప్పుకొందురు. మొదటివారు తమ దోషములకు తలవ్రాతను సాక్షిగా పిలుతురు. రెండవవారు తమ సుఖములకు స్వయంకృషిని సాక్షిగా పిలుతురు. కొంచెము పరిశీలించితిమేని, ఒక్క మనుష్యుడే ఓడినపుడు మొదటి పక్షమునను, గెలిచినపుడు రెండవ పక్షమునను చేరుచుండుట కనబడును.

ఈ రెండు మతములును కేవలము తర్కదోషములు మాత్రమే యైనచో వానిని పండితులకు విడిచి యూరకుండవచ్చును. కాని వీనివలన ప్రత్యక్షమైన కీడు కలుగుచున్నది. మొదటిది బాధ్యతను చంపును: నన్నిట్లు పెంచిరి, నేనేమి చేయగలనను మాట కడ విచారణ ఆగిపోవును. రెండవది కృతజ్ఞతను చంపి, దానితోగూడ దయనుగూడ చంపును: నేను పైకి వచ్చితినిగదా, రాలేనివాడు సోమరి యనుట దాని తరువాతి మెట్టు. కావున బాల్యము మనకేమి చేసెనో, ఏమి చేయలేదో నిదానముగ లెక్క చూచుకొనుట కేవలము మనోవినోదము గాదు, ధర్మమునకు సంబంధించిన పని.

లెక్క యన్నపుడు పద్దు లుండవలయును. బాల్యమును గూర్చిన లెక్కలో మూడు పద్దులు కలవని మాకు తోచుచున్నది. పెద్దలు బుద్ధిపూర్వకముగా మనకిచ్చినవి మొదటి పద్దు: చదువు, నీతివాక్యములు, పూజ, వృత్తి. వారెఱుగకయే మనకిచ్చినవి రెండవ పద్దు: వారి కోపము, వారి ధైర్యము, ఇంటికి వచ్చిన కూలివానితో వారు మాటలాడిన తీరు. మనకుగాని మన ప్రక్కవారికిగాని ఇయ్యబడకపోయినవి మూడవ పద్దు. సామాన్యముగ మనము మొదటి పద్దును మాత్రమే వ్రాసికొందుము. ఎక్కువ బరువైనవి రెండవదియు మూడవదియు నని చూపుటయే మా యుద్దేశము.

మా యూరికి గంట గంటన్నర ప్రయాణదూరమున నున్న హైదరాబాదు నగరములో నొకప్పుడు వసించిన కుటుంబమొకటి యిందుకు మంచి నిదర్శనము. వంగదేశీయుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టమును పొంది, నిజాము రాజ్యమునకు వచ్చి, తరువాత నిజాము కళాశాలగా పరిణమించిన విద్యాలయమును నెలకొల్పినవారిలో ముఖ్యుడయ్యెను. 1879లో పుట్టిన తన పెద్దకూతురు సరోజిని గణితజ్ఞురాలో శాస్త్రజ్ఞురాలో కావలయునని ఆయన కోరెను. అందులకు తగిన శిక్షణమునే యిచ్చెను. ఆమె పదునొకండేండ్ల వయస్సున బీజగణితపు లెక్క యొకటి తెగక నిట్టూర్చుచుండగా లెక్కకు బదులు పద్యము వచ్చెనని తరువాత తానే యొక మిత్రునకు వ్రాసెను. పండ్రెండేండ్లకు మద్రాసు మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చి పేరుపొందిన ఆ బాలిక గణితమువైపు పోలేదు, కవయిత్రి యయ్యెను. 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట సంయుక్తరాష్ట్రములకు గవర్నరై, 1949లో ఆ పదవిలోనే కన్నుమూసెను.

ఆమె తమ్ముడు వీరేంద్రనాథుడు 1880లో పుట్టెను. సివిలు సర్వీసు పరీక్షకని ఇంగ్లండునకు పోయినవాడు ఆంగ్లప్రభుత్వమునకే విరోధియై, బెర్లినులో విప్లవకారులతో కలసి పనిచేసి, తుదకు సోవియట్టు దేశమున 1937లో స్టాలిను నాటి సంహారములలో ప్రాణము కోల్పోయెను. చిన్న తమ్ముడు హరీంద్రనాథుడు కవియు నటుడునై, 1952లో మన విజయవాడనుండియే తొలి లోకసభకు ఎన్నికయ్యెను. ఒకే యిల్లు, ఒకే తండ్రి, ఒకే భోజనపు బల్ల. బిడ్డలు నడచిన త్రోవలు మాత్రము మూడు. బాల్యమే సర్వమని చెప్పువారు ఈ మూడు త్రోవలకు సమాధానము చెప్పవలయును.

అట్లని బాల్య మేమియు చేయలేదని చెప్పుటకును వీలు లేదు. 1883లో చాందా రైలుమార్గపు వ్యవహారము వచ్చినపుడు ఆ యేర్పాటును గూర్చి బహిరంగముగా ప్రశ్నించినవారిలో అఘోరనాథుడొకడు. అందులకు ఫలముగా ప్రభుత్వము ఆయనను నగరమునుండి వెడలగొట్టెను. కొంతకాలమునకు గాని తిరిగి రానీయలేదు. అప్పటికి సరోజినికి నాలుగేండ్లు, వీరేంద్రునకు రెండేండ్లు. ఆ వయస్సు బిడ్డలకు రైలుమార్గమున కగు వ్యయమును గూర్చి యేమి తెలియును? కాని తమ తండ్రి సత్యమని తోచిన మాటను పలికి, దాని వెలను చెల్లించిన మనుష్యుడని తెలిసికొనుచు వారు పెరిగియుందురు. ఆయన బుద్ధిపూర్వకముగా నేర్పిన బీజగణితము కూతునకు పట్టుబడలేదు. నేర్పవలయునని తలపకయే చూపిన నిర్భయత్వము మాత్రము కూతునందును కొడుకునందును వేర్వేఱు రూపములతో కనబడుచున్నది. మొదటి పద్దుకంటె రెండవ పద్దు బరువైనదని మేము చెప్పుట కిదియే కారణము. తండ్రి చెప్పినది చెవిని దాటి పోవచ్చును. తండ్రి చేసినది కంటిలో నిలుచును.

ఇల్లు చేసిన పనిని పాఠశాలయు చేయును. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1862లో బందరున పుట్టినను, తండ్రిగారు సైన్యమున సుబేదారై యుండుటచేత వారి బాల్యము చాందాలోను హైదరాబాదులోను గడచెను. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియము మిల్లరు దొర శిష్యులైరి. గురువు క్రైస్తవ మతబోధకుడు. శిష్యుడు క్రైస్తవుడు గాలేదు. కాని విద్యార్థి శీలమును దిద్దుటయే విద్య యొక్క ముఖ్యఫలమను దృష్టిని ఆ గురువునందే గ్రహించిరి. ఇరువదవ శతాబ్దపు తొలి రెండు దశాబ్దములలో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై, అంటరానివారని త్రోసివేయబడిన పిల్లలకు వసతి కల్పించి, ఆడపిల్లలకు కళాశాల తలుపు తెఱచి, శుభ్రవస్త్రము వలెనే శుభ్రవర్తనమును అలవాటు చేయించిరి.

ఆ కళాశాలలో వారి ప్రభావమునకు లోనైనవారిలో గుడిపాటి వేంకటచలముగారును దేవులపల్లి కృష్ణశాస్త్రిగారును కలరు. ఇద్దఱును యౌవనమున బ్రహ్మసమాజపు గాలి పీల్చినవారే. కృష్ణశాస్త్రిగారు భావకవిత్వపు మార్గమున పోయి, 1925లో కృష్ణపక్షము వెలువరించి, తరువాత చలనచిత్రములకు పాటలు వ్రాసి, కవిగనే జీవించిరి. చలముగారు స్త్రీ స్వేచ్ఛను గూర్చి గురువుగారి శుచిత్వబోధకు పూర్తిగ నెదురైన కథలు వ్రాసి, 1927లో మైదానముతో సంఘమంతయు కలగునట్లు చేసి, 1950లో అరుణాచలమునకు పోయి అచ్చటనే 1979లో దేహము చాలించిరి. గురువుగారు చలముగారి త్రోవను మెచ్చియుందురని యెవరును చెప్పజాలరు. అయినను, లోకము నవ్వినను తనకు సత్యమని తోచినదానిని విడువకుండుట చలముగారి జీవితమున మొదటినుండి తుదివఱకు కానవచ్చును. మిల్లరు దొరనుండి వేంకటరత్నముగారికి, వేంకటరత్నముగారినుండి ఈ యిద్దఱికి సంక్రమించినది మార్గము గాదు. మార్గమును లెక్కచేసి నడచు అలవాటు.

ఇచ్చట నొక భేదమును స్పష్టముగా చెప్పవలసియున్నది. కృతజ్ఞత వేఱు, అనుకరణము వేఱు. మాకు నడక నేర్పినవారికి మేమెల్లప్పుడును ఋణపడియుందుము. ఆ ఋణము వారి యడుగుజాడలలోనే నడచుటచేత తీరునని యెంచుట పొరపాటు. నడక నేర్పినవారు నేర్పినది నడకనే గదా. బిడ్డ వేఱు దిక్కునకు నడచినపుడు నేర్పినవారి శ్రమ వ్యర్థమైనదని దుఃఖించు తల్లిదండ్రులు తాము నేర్పినదేమో మఱచుచున్నారు. అట్లే, వేఱు దిక్కునకు నడచుచున్నాము గనుక నడక తమంతట తామే నేర్చితిమని చెప్పు బిడ్డలును మఱచుచున్నారు.

ఇంతవఱకు మేము పేర్కొన్నవారు ఏదో యొక విధముగ త్రోవలు కలిగినవారు. విద్యావంతుల యిండ్లలో పుట్టిరి, లేదా విద్యాలయముల తలుపులు వారికి తెఱచియుండెను. త్రోవయే లేనివారి మాట యేమి? మూడవ పద్దు ఇక్కడ ఆరంభమగును.

సరోజినీదేవి 1898లో మద్రాసున గోవిందరాజులు నాయుడుగారిని వర్ణాంతరవివాహము చేసికొన్నపుడు ఆ వివాహమును జరిపించినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆయన 1848లో రాజమహేంద్రవరమున పుట్టి, నాలుగేండ్లకే తండ్రిని కోల్పోయి, పెదతండ్రి పోషణమున పెరిగెను. పదుమూడేండ్లకు ఆయనకు పెండ్లి చేసిరి. పెండ్లికూతురు బాపమ్మ యింకను పసిపిల్ల. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యని పేరు మార్చిరి. ఆమె యిష్టము నెవ్వరు నడిగిరి? చదువుగాని, వరుడుగాని, తుదకు తన పేరుగాని ఆమె యెన్నుకొన్నవి గావు. బాల్యము మనుష్యుని త్రోవను నిశ్చయించుననుట సత్యమైనచో, ఆమె జీవితము పొయ్యి యొద్ద మొదలై పొయ్యి యొద్దనే ముగియవలసినది.

1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిగెను. సంఘము బహిష్కరించెను. వంటవారు రామనిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి, తామే వంట చేసి, వచ్చినవారికి పెట్టిరి. తరువాత దిక్కులేని వితంతుబాలికలకు ఆమె యిల్లే పుట్టిల్లయ్యెను. 1910లో ఆమె మరణించు వఱకు పంతులుగారి పనిలో సగభాగము ఆమెదే యని చెప్పుట అతిశయోక్తి గాదు. చిన్ననాడు ఆమెకు నేర్పిన పని వంటయు నీళ్లు మోయుటయు. నేర్పినవారు ఆ పనిని ఆమెకు హద్దుగ నేర్పిరి. ఆమె దానినే సంఘమునకు ప్రత్యుత్తరముగ చేసికొనెను. బాల్యమున చేతికిచ్చినది ఏదైనను కావచ్చును. దానితో నేమి చేయుదుమన్నది మాత్రము మన యధీనమే యనుటకు ఇంతకంటె బలమైన దృష్టాంతము మాకు తోచదు.

అయినను ఈ దృష్టాంతమును విపరీతముగా వాడుకొనకూడదు. రాజ్యలక్ష్మమ్మగారు పైకి వచ్చిరిగదా, కావున బాల్యవివాహము వలన హాని లేదని యెవరైన ననినచో అది క్రూరమైన మాట యగును. హైదరాబాదున 1888లో మాలకుటుంబమున పుట్టిన భాగ్యరెడ్డివర్మగారు పరుల యింట పనిచేయుచు అక్షరములు నేర్చి, 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, తమ వాడల పిల్లలకు పాఠశాలలు తెఱచిరి. ఆయనను ప్రశంసించుచునే, పాఠశాలకు పోవలసిన వయస్సున ఆయన యితరుల యింట నేల పనిచేయవలసివచ్చెనని మనము ప్రశ్నింపవలయును. గోడ దూకినవాని బలమును మెచ్చుట న్యాయమే. దానిచేత గోడ కట్టినవారికి క్షమాపణ లభింపదు; దూకలేక ఆవలనే నిలిచిపోయినవారు బలహీనులని ఋజువును గాదు.

ఇప్పుడు మా కాలమునకు వత్తము. మనోహరాబాదు సికింద్రాబాదునుండి నిజామాబాదునకు పోవు రైలుమార్గము మీద నున్న యూరు. మా చిన్ననాట అది ఒక్క దారి గల స్టేషను. బండి దక్షిణముగా నగరమునకైన పోవలయును, ఉత్తరముగా నిజామాబాదునకైన పోవలయును. 2016 ఆగష్టు 7వ తేదీని ఇచ్చటినుండి కొత్తపల్లి వఱకు 151 కిలోమీటర్ల క్రొత్త మార్గమునకు శంకుస్థాపన జరిగెను. ఆ యేడే మా యూరు మండలకేంద్రమయ్యెను. 2023 అక్టోబరులో ఆ మార్గముమీద సిద్దిపేటకు బండి నడచెను. ఒక్క దారి స్టేషను జంక్షనైనది. తరతరములుగా రైలుకూత వినని గ్రామముల పిల్లలు ఇప్పుడు ఇంటి దాపుననే బండి యెక్కుచున్నారు. రైలు రాకముందు ఆ గ్రామములలో నుండిన పిల్లలు తెలివి తక్కువవారని మేమందుమా? వారికి బుద్ధి లేకపోలేదు, పట్టాలు లేవు. మనుష్యుల విషయమునను ఇంతే.

మాకు పదునైదవ యేట రెండే త్రోవలు చూపబడినవి. పదవతరగతి ముగియగానే గణితమా, జీవశాస్త్రమా? మొదటిది ఇంజనీరింగునకు, రెండవది వైద్యమునకు. నగరపు వసతికళాశాలలో సొమ్ము కట్టుటకు భూమి అమ్మిన తండ్రులును కలరు. జాతీయరహదారి దాపున కాళ్ళకల్లు, మనోహరాబాదు ప్రాంతములలో కర్మాగారములు వెలసి భూమికి వెల వచ్చుటచేత అది సాధ్యమైనది. తాము చదువుకొనని చదువు తమ బిడ్డలు చదువవలయునని వారు చేసిన ఆ త్యాగమును మేము తలవంచి స్మరించుచున్నాము. చిత్రలేఖనమునకో, చరిత్రకో, వ్యవసాయమునకో మనస్సు పోయిన పిల్లవానిని బలవంతముగ గణితమున కూర్చుండబెట్టిన దుఃఖమును వారియందు ద్వేషముగ మార్చుకొనుటయు న్యాయము గాదు. వారు తమ కెఱుకపడినంతలో మంచి త్రోవనే చూపిరి.

కాని ఆ భూమి యెవరికొఱకు అమ్మబడినది? కొడుకు కొఱకు. ఒకే బల్లమీద మాతో కూర్చుండి, మాకంటె చక్కగ లెక్కలు చేసిన ఆడపిల్లలు పదవతరగతితో ఆగిరి. అన్నను నగరపు ప్రైవేటు కళాశాలకు, చెల్లెలిని దగ్గఱి ప్రభుత్వపాఠశాలకు పంపిన యిండ్లు మేమెఱుగుదుము. 1929నాటి శారదా చట్టము ఆడపిల్ల వివాహమునకు పదునాలుగేండ్ల కనిష్ఠవయస్సును నిర్ణయించినది. 2006నాటి చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని ఆడపిల్లకు పెండ్లి చేయుట శిక్షార్హము. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము పదునాలుగేండ్లవఱకు ఉచితవిద్యను హక్కుగ చేసినది. చట్టము బడి తలుపు తెఱచినది. ఆడపిల్ల పదునాలుగేండ్ల పిమ్మట ఆ తలుపు దాటి పోవుట యింటి పెద్దల మనస్సుమీద ఆధారపడియున్నది. నేను కష్టపడి చదివితినని చెప్పుకొను యువకుడు, తాను చదువుచుండగా గిన్నెలు తోమిన చెల్లెలి గంటలను గూడ ఆ కష్టములో చేర్చి చెప్పవలయును. అప్పుడే లెక్క సరిపోవును.

ఇట్లు లెక్క చూచుకొన్న పిమ్మట, బాల్యమున వచ్చిన సంస్కారములలో వేనిని నిలుపుకొనవలయును, వేనిని విడువవలయును? మూడు ప్రశ్నలు సహాయపడునని మాకు తోచుచున్నది. ఈ యలవాటు నాకెట్లు వచ్చెను? దీనిని నాకిచ్చినవారు చూచుచుండకపోయినను నేను దీనిని పాటింతునా? దీని భారమును నాకు బదులు మఱియెవరైన మోయుచున్నారా? మొదటి ప్రశ్న జ్ఞానమునకు, రెండవది చిత్తశుద్ధికి, మూడవది ధర్మమునకు సంబంధించినది. మొదటి రెంటిలో నిలిచిన యలవాటు మూడవదానిలో నిలువనిచో దానిని విడువవలసినదే.

దృష్టాంతమునకు: తెల్లవాఱకముందే లేచుట మాలో పలువురకు పొలమునకు పోవు తాతలవలన వచ్చినది. తాత లేకున్నను లేచెదము. దాని భారము నెవ్వరును మోయరు. అది నిలుపుకొనదగినది. కూలికి వచ్చినవానికి చూరున దోపిన వేఱు లోటాతో నీళ్లిచ్చుటయు కొన్ని యిండ్లలో తాతలవలననే వచ్చినది. దాని భారమును ఆ దప్పిగొన్న మనుష్యుడు మోయుచున్నాడు. రెండును తాతలవే, రెండును బాల్యమున కంటబడినవే. పెద్దలవలన వచ్చినదనుట ఒక యలవాటు పుట్టుపూర్వోత్తరములను తెలుపును గాని దాని మంచిచెడ్డలను తెలుపదు.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష ఈ ప్రాయముననే వచ్చును. వివాహము కుదురును, వరకట్నపు మాట వచ్చును. 1961లోనే దానిని నిషేధించుచు చట్టము చేయబడినది. అయినను నగరమున ఉద్యోగము చేయు విద్యావంతుడు, నాకిష్టము లేదుగాని మా నాయనగారి మాట కాదనలేనని తల వంచుకొని పలుకును. ఈ వినయమును కొంచెము పరిశీలింపవలయును. తన ఉద్యోగమును ఎన్నుకొన్నపుడు, స్నేహితులను ఎన్నుకొన్నపుడు, వేషమును, భోజనమును, నివాసమును ఎన్నుకొన్నపుడు తండ్రిమాట అతనికి గుర్తునకు రాలేదు. సొమ్ము చేతికి వచ్చు వేళకు మాత్రము అతడు పితృవాక్యపరిపాలకుడైన శ్రీరాముడగుచున్నాడు. రాముడు తండ్రిమాటకై రాజ్యమును విడిచెను గాని మామగారి నడిగి రాజ్యమును తెచ్చుకొనలేదు. లాభము వచ్చునపుడు బాల్యసంస్కారమని, నష్టము వచ్చునపుడు స్వతంత్రబుద్ధియని చెప్పుకొనువాడు రెంటికిని దూరుడు.

పెంపకము నన్నిట్లు చేసెనను మాట ఇరువదేండ్లలోపున వివరణము. ఇరువదియైదేండ్లు దాటిన పిమ్మట అదియే సాకగును. వివరణమునకును సాకునకును భేదమేమన్నచో, వివరణము తరువాత మార్పునకు చోటుండును. సాకు తరువాత ఉండదు.

పెద్దలారా, మీకొక మాట విన్నవించి ముగింతుము. మీ యిండ్లలో నిప్పుడు పెరుగుచున్న బిడ్డలు మఱి యిరువదేండ్లకు మావలెనే లెక్క చూచుకొందురు. మీరు చెప్పిన నీతికథలను అప్పటికి వారు చాలవఱకు మఱచియుందురు. పనిమనిషి కూతురు మీ బిడ్డ పుస్తకమును ముట్టుకొన్నపుడు మీరేమంటిరో వారు మఱువరు. కొడుకునకు కూతునకు పాలు పోసినపుడు ఏ లోటాలో ఎంత పోసితిరో మఱువరు. ఎవరి మెప్పునకై సత్యమును మ్రింగితిరో, ఎవరి కోపమునకు వెఱవక సత్యమును పలికితిరో అదియు మఱువరు. మీరు చూపిన త్రోవనే వారు నడువవలయునని కోరకుడు. వారు నడువగలిగినన్ని త్రోవలు తెఱచియుంచుడు. మీ బిడ్డలకు మాత్రమే గాక, మీ పొలమున పనిచేయువారి బిడ్డలకుగూడ తెఱచియుంచుడు.

ఇక మా తోడివారికి చెప్పవలసినది స్వల్పము. మనకు మేలు చేసినవారిని, వారు బ్రతికియుండగనే, పేరు పెట్టి స్మరింతము. మనలను నొప్పించినదానిని నొప్పించెనని పలుకుదము, కాని దానికాడ గుడిసె వేసికొని కూర్చుండవలదు. మనతోగూడ బయలుదేరి నడుమ నిలిచిపోయినవారు ఎవరో వెదకి, వారిలో నొకరికైన ఆగిన చదువును తిరిగి సాగింపజేయుదము. బాల్యపు ఋణము వెనుకకు చెల్లించుటకు వీలైనది కొంతయే. తక్కిన దంతయు ముందునకు, మన తరువాతివారికి చెల్లింపవలసినదే.